కొప్పులో వడ్లు

మా తోడికోడలు నైహువా గురించి ఊళ్ళో ఎవరినడిగినా ముందు ఆవిడ మొండితనం గురించి చెబుతారు, తరవాత జుట్టు గురించి చెబుతారు. వడ్ల గురించి మాత్రం రెండేళ్ళ కిందటి దాకా ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు టికెట్టు కొని కొండెక్కిన ప్రతివాడికీ ఆ వడ్ల కథ తెలుసు. వాళ్ళకి తెలిసిందంతా అబద్ధం. ఆ అబద్ధం పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఒక రకంగా పురుడు పోసింది కూడా నేనే. అందుకని నిజం చెప్పే పని నా నెత్తినే పడింది.

మాది చైనాలో గ్వాంగ్‌షీ కొండల్లో ఎర్ర యావో తెగవాళ్ళ ఊరు. ఎనభై గడప ఉంటుంది. కింద వాగు దగ్గర మొదలై పైన మబ్బుల దాకా మెట్లు మెట్లుగా మడులు. కప్ప ఒక్క గెంతు వేస్తే మూడు మడులు దాటుతుందని మాలో ఒక మాట. గేదె తిరగడానికి చోటు చాలని మడులు కూడా ఉన్నాయి, వాటిని మేమే తవ్వుకుంటాం. వాటిని చూడటానికే గుయిలిన్ పట్నం నుంచి బస్సుల మీద బస్సులు వస్తాయి. నా ఇంటి పై అంతస్తులో నాలుగు గదులు అద్దెకిస్తాను. దిగినవాళ్ళు, మొన్న మట్టి సైనికులను చూశాం, నిన్న నదిలో పడవెక్కాం, ఇవాళ మీ మడులు, రేపు రాతి అడవి అని వేళ్ళు మడిచి లెక్క చెబుతారు. పొద్దున లేచేసరికి పొగమంచు కమ్మి ఏమీ కనపడకపోతే నా మీద చిరాకు పడతారు. ఆ మంచేదో నేనే వండి వడ్డించినట్టు.

మడులు ఉంటే చాలదు వాళ్ళకి. బంగారు రంగులో ఉండాలి. అది కూడా జాతీయ దినం సెలవుల్లో, అక్టోబరు ఒకటి నుంచి ఏడు దాకా, ఎక్కడా బోసిపోకుండా ఉండాలి. అందుకని కొండని చూసుకునే కంపెనీ ఒక నిబంధన పెట్టింది. ఎనిమిదో తారీఖు తెల్లారేదాకా ఎవరూ కోత కోయకూడదు. పదేసి ఇళ్ళని ఒక జట్టు చేశారు. జట్టులో ఒక్క ఇల్లు ముందు కోసినా పదిళ్ళకీ ఆ ఏటి టికెట్ల వాటా పోతుంది. అందరం ఎర్ర సిరాలో బొటనవేలు ముంచి ముద్ర వేశాం. నైహువా ముద్ర వేసేముందు ఒక్క మాట అడిగింది, ఈలోగా వాన పడితే ఎట్లా అని. కంపెనీ మేనేజరు నవ్వి, వాన కూడా మన మాటే వింటుంది అత్తా అన్నాడు. గదిలో అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

మేమంతా వేసే కంపెనీ విత్తనానికి ఆ నిబంధన పెద్ద బాధ కాదు. పొట్టి వరి, గింజ గట్టిగా పట్టుకుని ఉంటుంది, చెప్పినన్నాళ్ళు నిలబడుతుంది. నైహువా వరి అట్లాంటిది కాదు.

ఆవిడ మా ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది ఎండిన సొరకాయ బుర్ర. అందులో వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనపు వడ్లు. మనిషెత్తు పెరిగే జిగురు వరి అది, కంకి మూరెడు. మా అత్త ఆ బుర్ర చూసి, మా ఇంట్లో వడ్లు లేవనుకున్నావా అని అడిగిందట. ఉన్నాయి, ఇవి లేవు అందట ఈవిడ. గడపలో అడుగు పెట్టిన రోజున కొత్తకోడలు అన్న మాట అది. నేను ఆ ఇంటికి రెండేళ్ళ తరవాత చిన్నకోడలుగా వచ్చాను, అప్పటికింకా మా అత్త ఆ మాటే తలుచుకుని గొణుక్కుంటూ ఉంది.

అప్పట్లో అలాంటి వరి ఇంటికొక రకం ఉండేది. దిగుబడి తక్కువ, గాలికి పడిపోతుంది, పండిన మూడో రోజు నుంచి చెయ్యి తగిలినా గింజ రాలుతుంది. ఒక్కొక్కరే మానేశారు. మేమూ మానేశాం. ఆవిడ మాత్రం నీటి ఊట పక్కన రెండు చాపలంత మడిలో ముప్పై ఏడేళ్ళుగా ఆ వరే వేస్తోంది. కొడవలి వాడదు. అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో మంచి కంకులు ఏరి ఒక్కొక్కటే కోసి, కట్టకట్టి, పొయ్యి మీద పొగ తగిలేట్టు వేలాడదీస్తుంది. మిగిలింది వండుకోవడానికి. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, చావు వచ్చినా ఆ బియ్యం కోసం ఆవిడ ఇంటికే పోయేవాళ్ళం. తినడానికి ఊరంతా, పండించడానికి ఒక్కతే.

ఎప్పుడు ఇచ్చినా, పిడికెడు విత్తనం కూడా తీసుకుపో, మీ మడి చివర వేసుకో, నా ఒక్కదాని దగ్గరే ఉంటే ఏదో ఒక ఏడు పోతుంది అని బతిమాలేది. సరే సరే అని తెచ్చుకుని, కోళ్ళకి వేసేవాళ్ళం. దాచడమెందుకు, నేను కూడా అదే చేశాను.

మొగుడు పోయాక ఆవిడ సామాన్లు మోయడం మొదలుపెట్టింది. యాత్రికుల చక్రాల పెట్టెలు మా మెట్ల మీద దొర్లవు. ఎనిమిది వందల మెట్లు. అరవై ఒకటో ఏట ఆవిడ వీపు బుట్టలో పెట్టె పెట్టుకుని ముందు నడుస్తుంటే, పాతికేళ్ళ పెట్టె యజమాని వెనకాల ఆయాసపడుతూ, నెమ్మదిగా పోనివ్వండి బామ్మా అనేవాడు. మేము పన్నెండు మంది ఆడవాళ్ళం మాత్రం రెండో వ్యూ పాయింటు దగ్గర చెక్క వేదిక మీద జుట్టు ఆట ఆడతాం. మా ఆడవాళ్ళు పద్దెనిమిదో ఏట ఒక్కసారే జుట్టు కత్తిరిస్తారు. ఆ కత్తిరించినదీ, రోజూ దువ్వెనకి వచ్చినదీ, తల మీద పెరుగుతున్నదీ మూడూ కలిపి కొప్పు చుట్టుకుంటారు. వేదిక మీద అది విప్పి, వరసగా నిలబడి, పాట పాడుతూ దువ్వి, మళ్ళీ చుట్టుకోవాలి. సెలవుల్లో రోజుకి అయిదు ఆటలు. ఆ పన్నెండు మందికీ పెద్దని నేనే.

నైహువా జుట్టు మా అందరికంటే పొడుగు. పులియబెట్టిన బియ్యం కడుగుతో తప్ప కడగదు, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఎన్నిసార్లు పిలిచానో. రాలేదు. మొగుడు, కూతురు తప్ప ఆ జుట్టు విప్పగా చూసినవాళ్ళు లేరు. చివరిసారి పిలిచినప్పుడు, "నాది జుట్టే, మడి కాదు. జనానికి చూపెట్టుకోటానికి" అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. అంటే మేమంతా ఏమిటి?

ఆ ఏడు ఎండలు ముదిరి వరి తొందరగా పండింది. సెప్టెంబరు ఇరవై అయిదుకి ఆవిడ మడి ఎర్రబంగారంలా వంగిపోయింది. అక్టోబరు మూడు నుంచి పెద్ద వానలని ఫోనులో చూపిస్తోంది. వాన తగిలితే ఆ వడ్లు కంకిలోనే మొలకెత్తుతాయి. రెండేళ్ళ నాటి వడ్లు మా తేమకి మొలవవు. ఈ ఏడు విత్తనం దొరక్కపోతే ఇక ఆ వరి లేనట్టే.

ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. మా ఆయన దేచాంగ్ ఆవిడకి మరిది, మా పదిళ్ళ జట్టుకి పెద్ద కూడా. నేను నూనె టీ కాచాను. అల్లం, టీ ఆకు వేయించి దంచి, మరిగించి, పేలాలు వేసి ఇచ్చాను. మా ఇళ్ళలో ఆ టీ మూడు నాలుగు గిన్నెలు తాగకుండా లేవడం మర్యాద కాదు. ఆవిడ గిన్నె చేతిలో పట్టుకుని సంగతి చెప్పింది. పొలమంతా నిబంధన ప్రకారం వదిలేస్తుందట. ఆ రెండు చాపల మడిలో విత్తనానికి కావలసిన కంకులు మాత్రం చేతికత్తితో ఏరుకుంటుందట. దేచాంగ్ తల అడ్డంగా ఊపాడు. రోజూ పొద్దున్నే కంపెనీ డ్రోను ఎగిరి కొండని ఫొటో తీస్తోందని, ఆవిడ మడి సరిగ్గా వ్యూ పాయింటు ఎదుటే ఉందని చెప్పాడు.

"బొమ్మలో చిన్న మచ్చ పడినా పదిళ్ళ కూడు పోద్ది వదినా."

"మచ్చ కాదయ్యా. విత్తనం."

అప్పుడు నేను నోరు చేసుకున్నాను. జుట్టు గురించి ఆవిడ అన్న మాట ఇంకా లోపల ఉంది మరి. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఎప్పుడూ నీకే ఎందుకక్కా ఈ చిక్కులు? అందరూ వేసే విత్తనం వేసుకుని అందరిలా ఉండకూడదా?" అన్నాను.

ఆవిడ మొదటి గిన్నెకే పుల్ల అడ్డం పెట్టింది. ఇక చాలు, పోయమాకు అని దానర్థం. మా ఇంట్లో ఎవరూ మొదటి గిన్నెకి పుల్ల పెట్టలేదు. మా ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ వెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే నాకు గుర్తొచ్చింది, ఆ టీలో వేసిన పేలాలు పోయినేడు ఆవిడ ఇచ్చిన వడ్లతో వేయించినవే.

ఒకటో తారీఖు నుంచి జనం ఉప్పెనలా వచ్చారు. మెట్ల మీద ఆగడానికి చోటు లేదు, వెనక్కి తిరగడానికి చోటు లేదు. మా యావో బట్టలు అద్దెకి తొడుక్కున్న ఒక పిల్ల ఫొటో కోసం నైహువా మడిలోకే దిగింది. ఆ పిల్ల పావడా తగిలి గింజలు జలజల రాలుతున్నాయి. నైహువా గట్టిగా కేక వేసింది. ఆ పిల్ల ఏడిచింది, వాళ్ళాయన ఫిర్యాదు చేశాడు, మేనేజరు వచ్చి యాత్రికుల మీద అరిస్తే ఊరికే చెడ్డపేరు అని నైహువాకే బుద్ధులు చెప్పాడు. వాళ్ళు తొక్కచ్చు, ఆవిడ కోయకూడదు. ఇది ఏ ఊరి న్యాయమో నాకు తెలియదు గానీ, ఆ రోజు నేను కూడా నోరు మూసుకునే ఉన్నాను.

మడుల్లోంచి పైకి వచ్చే దారిలో కంపెనీ ఒక కాపలావాణ్ణి పెట్టింది. పక్క ఊరి ముసలాయన, మొహమాటపడుతూనే అందరి బుట్టలూ వెతికేవాడు. బుట్ట వెతుకుతాడు, పైకండువా విప్పమంటాడు. పెళ్ళయిన ఆడదాని తల మీద మాత్రం చెయ్యి వెయ్యడు. మా కొండల్లో ఎవడూ వెయ్యడు. తలగుడ్డ కింద ఏముందో అడగడం కూడా తప్పే. నైహువాకి దారి అక్కడే దొరికింది. కంకులు కొప్పులో చుట్టుకుంటే గింజ రాలినా జుట్టే పట్టుకుంటుంది, బుట్టలో లాగా కుదుపులకి పోదు. ముప్పై ఏడేళ్ళు ఒకే వరి పండించిన మనిషికే తట్టే ఉపాయం అది. ఒకటో తారీఖు పొద్దున అయిదు కంకులు అలా ఇంటికి చేర్చింది. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

రెండో తారీఖు మధ్యాహ్నం మా పన్నెండు మందిలో ఒకామె కాలు మడతపడి కూలబడింది. షాంగ్‌హాయి నుంచి పెద్ద బృందం వచ్చి కూర్చుంది. పన్నెండు మంది ఉండాల్సిందేనని మేనేజరు చెప్పి పోయాడు. అదే సమయానికి నైహువా మడుల దారిన ఎవరిదో నీలం పెట్టె మోసుకొచ్చి వేదిక పక్కన దించుతోంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఊరికే వచ్చి నిలబడు, విప్పక్కర్లేదు, లెక్కకి ఒక మనిషి ఉంటే చాలు అన్నాను. వద్దంది. లాగాను. పెట్టె ఇచ్చినవాడు మోత కూలి ఇంకా ఇవ్వలేదు, జనం అందరూ చూస్తున్నారు, గుంపులో గొడవ చేయడం ఇష్టం లేక వచ్చి చివర నిలబడింది.

పాట మొదలైంది. పదకొండు కొప్పులు విడిపోయాయి. గైడు పిల్ల షియావ్ వెన్, గుయిలిన్ పిల్ల, బుగ్గ మీద మైకు, బతకనేర్చినది. చివర నిలబడ్డ నైహువాని చూపించి, ఈ ఊళ్ళో అందరికంటే పొడుగు జుట్టు ఈవిడదే, ఇంతవరకు బయటివాళ్ళెవరూ చూడలేదు అంది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళు కోరుతున్నారు కాబట్టి చేశానని చెప్పుకోవచ్చు. కాదు. ఒక్కసారి నువ్వూ మాలాంటిదానివే అనిపించుకో అన్న కసి నాది. వెనక నుంచి వెళ్ళి ఆవిడ తలగుడ్డ ముడి లాగాను.

ఆవిడ రెండు చేతులూ పైకి ఎత్తి తల పట్టుకుంది, కానీ అరవలేదు. దొంగకు తేలు కుట్టినట్టు పళ్ళు బిగించింది. చేతుల్లోంచి కొప్పు జారింది. మోకాళ్ళు దాటి పడిన ఆ నల్లని జుట్టుతోపాటు మూరెడేసి కంకులు పదకొండు బయటపడ్డాయి. వడ్లు వేదిక మీద వాన చినుకుల్లా టపటపా రాలాయి.

ఎవరూ కదలలేదు. పదిళ్ళ వాటా పోయినట్టే అనుకున్నాను ముందు, సిగ్గులేకుండా అదే అనుకున్నాను. తరవాత గానీ ఆవిడ మొహం వైపు చూడలేదు. అప్పుడు షియావ్ వెన్ గొంతు మైకులో వినపడింది, ఒక్క తడబాటు లేకుండా.

"ఇది యావో ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా దాచుకున్న ఆచారమండీ. కోతలకి ముందు మొదటి కంకుల్ని కొప్పులో పెట్టుకుంటారు. ఒక్క గింజ దొరికినా ఏడాదంతా మీకు కలిసొస్తుంది."

అంతే. జనం వేదిక మీదకి ఎగబడ్డారు. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, మోకాళ్ళ మీద వంగి ఒక్కొక్క గింజ ఏరుకుంటున్నారు. ఫోను తొడుగుల వెనక దాచుకుంటున్నారు. ఆ కాళ్ళ మధ్య నైహువా కూడా మోకాళ్ళ మీద పడింది. జుట్టు నేల మీద ఈడుస్తూ, ఇటివ్వండి, ఇవి విత్తనాలు, ఇటివ్వండి అని అందరి దగ్గరా చెయ్యి చాపుతోంది. నవ్వుతూ ఫొటోలు తీసుకున్నారు గానీ ఇచ్చినవాళ్ళు తక్కువ. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం తన చేతిలోని గింజని వేలితో నొక్కి చూసి, విత్తనానికి ఏరినవా అని అడిగి, తనవీ, పక్కన మనవరాలి చేతిలోవీ లాక్కుని ఆవిడ దోసిట్లో పోసింది. ఆ వందల మందిలో పొలం ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే.

నేను స్తంభంలా నిలబడి ఉన్నాను. నైహువా నా కాళ్ళ దగ్గరకి వచ్చి ఆగింది. తల ఎత్తలేదు.

"కాలు తియ్యి. వడ్లు తొక్కుతున్నావ్."

ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో జట్టులో మిగతా ఇళ్ళవాళ్ళందరూ చేరారు. ఒక్కొక్కరు నైహువాని తిట్టినవాళ్ళే. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, పైగా బయటపెట్టినందుకు మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకోలు అంత చేదుగా ఉంటుందని నాకు తెలియదు. మేనేజరు వస్తున్నాడంటే అందరం లేచి నిలబడ్డాం. ఆయన మొహం నిండా నవ్వు. వేదిక మీద వీడియో లక్షల మంది చూశారట. రేపటి నుంచి పన్నెండు మందీ కొప్పుల్లో కంకులు పెట్టుకోవాలట. కంపెనీ పొట్టి కంకులు పనికిరావు, ఆ పొడుగువే కావాలట.

మూడో తారీఖు పొద్దున ముసురులో ముగ్గురు మనుషులు కొడవళ్ళతో నైహువా మడిలో దిగారు. ఏది గట్టి కంకి, ఏది తాలు కంకి అని చూడలేదు, పిడికిట్లో పట్టినంత కోసి పారేశారు. చెయ్యి పడినప్పుడల్లా బురదలో గింజలు రాలుతున్నాయి. దేచాంగ్ గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, కంపెనీ నిలబడమంది కాబట్టి. నైహువా ఎదురు గట్టు మీద గొడుగు లేకుండా నిలబడింది.

"నేను పది కంకులు కోస్తే పదిళ్ళ కడుపు కొట్టినట్టంట. వీళ్ళు మడి మొత్తం కోస్తే ఎవరి కడుపూ కొట్టినట్టు కాదా మరిదీ?"

మా ఆయన నేల చూపులు చూస్తూ, "కంపెనీ కోస్తే అది కోత కాదంట వదినా. ఏర్పాటంట" అన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి, గొడుగు మూలకి విసిరికొట్టాడు. నాకు కూడా దేన్నయినా విసరాలనిపించింది. ఎవరి మీద విసరాలో తెలియలేదు. మధ్యాహ్నానికి వాన కుండపోత అయింది. రెండు రోజులు ఆగలేదు. నిజం చెప్పాలి కదా, ఆ ముగ్గురూ కోసి ఉండకపోతే ఆ మడి వడ్లన్నీ కంకిలోనే మొలకెత్తి పోయేవి. దుర్మార్గం చేసి మేలు చేసినవాళ్ళని ఏమనాలో మా భాషలో మాట లేదు, ఎవరి భాషలోనైనా ఉందేమో నాకు తెలియదు.

వాన పడుతున్నా ఆటలు ఆగలేదు. ప్లాస్టిక్ కోట్లు వేసుకుని, బంగారు మడులు ఏవి, మంచు తప్ప ఏమీ లేదే అని సణుక్కుంటూ వచ్చిన జనానికి మా కొప్పులే గతి. నేను ఆవిడ వడ్లు నెత్తిన పెట్టుకుని పాట పాడాను. పొట్టు మెడలోకి జారి దురద. విప్పగానే గింజలు రాలాలి, జనం ఏరుకోవాలి. రెండో ఆట నుంచి నేను పైన నాలుగు కంకులు మాత్రం వదులుగా పెట్టి, మిగిలినవి లోపలి చుట్టలో గట్టిగా బిగించాను. విప్పినప్పుడు ఆ చుట్ట విప్పలేదు. కాలికి కట్టుతో నిలబడినామెతో సహా మిగతా పదకొండు మందికీ అదే చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు. తిట్టిన నోళ్ళే అవి, అయినా అడగలేదు.

ఆ సాయంత్రం చేటలోకి తల వంచి దువ్వుకున్నాను. రెండు దోసిళ్ళ వడ్లు వచ్చాయి. తీసుకెళ్ళి నైహువా తలుపు కొట్టాను. తియ్యలేదు. లోపల పొయ్యి వెలుగుతోంది, ఆవిడ పసుపు రంగు కుక్క గడప అవతల మొరుగుతోంది. చేట గడప మీద పెట్టి వచ్చేశాను. మర్నాడు నాతోపాటు ఇంకో ఆరుగురు పెట్టారు. ఆ మర్నాడు పన్నెండు మందీ పెట్టారు, కాలు మడతపడినామె కుంటుకుంటూ వచ్చి పెట్టింది.

ఏడో తారీఖు పొద్దున తలుపు తీసేసరికి నా చేట నా గడప మీద ఉంది. అందులో మొలకెత్తిన గింజలు, తాలు గింజలు, నా నెరిసిన వెంట్రుకలు రెండు, చక్కగా ఏరి పెట్టి ఉన్నాయి. మంచివి ఉంచుకుని చెత్త నాకు తిప్పి పంపింది. చాలా రోజుల తరవాత నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మా ఆయన చూసి, ఏంటే అన్నాడు. కోళ్ళకి వేస్తున్నా అన్నాను.

ఎనిమిదో తారీఖున అందరం కోతలు కోశాం. కొత్త బియ్యం వండినప్పుడు మా ఇళ్ళలో మొదటి ముద్ద కుక్కకి పెడతాం. మా పూర్వుల కాలంలో వరదలో ఈదుకుంటూ వడ్లు తెచ్చింది కుక్కేనని పెద్దలు చెప్పేవాళ్ళు. ఆ ఏడు నైహువా తన కుక్కకి కంపెనీ బియ్యమే పెట్టిందని తెలిసింది. ఆ జిగురు వడ్లు తినడానికి మిగల్లేదు, సొరకాయ బుర్రలో సగానికి విత్తనం మాత్రం ఉంది.

చలికాలంలో మేనేజరు ఒక కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. జట్టు పెద్ద ఇంట్లోనే చదవాలి కాబట్టి మా ఇంట్లోనే చదివాడు. ఈ ఊరి స్త్రీలు పూర్వకాలం నుంచి తొలి కంకులను కొప్పులో ధరించే ఆచారం పాటిస్తున్నారు కాబట్టి, ఆ ఆచారం కోసం నైహువా తన మడిని ప్రతి ఏడూ సెప్టెంబరు ఇరవై అయిదున కోసుకోవచ్చు అని రాసి ఉంది. అంతేకాదు, జట్టులో పదిళ్ళూ ఒక్కొక్క మడి ఆ వరే వేయాలి. అది నిజమేనని ఊరి తరఫున ఆవిడ వేలిముద్ర కావాలి.

ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. తరవాత, ఆచారం అని తీసేసి విత్తనం కోసం అని రాయకూడదా అని అడిగింది.

"విత్తనం కోసమైతే నిబంధన ఒప్పుకోదు అత్తా. ఆచారానికైతే ఒప్పుకుంటుంది."

ఆవిడ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కోపం కాదు అది. కోపం అంతకుముందే అయిపోయింది. ముప్పై ఏడేళ్ళు ఇంటింటికీ తిరిగి నిజం చెబితే ఒక్కళ్ళు వినలేదు. ఒక గుయిలిన్ పిల్ల మైకులో ఒక్క నిమిషం అబద్ధం చెబితే ఊరంతా ఆ వరి వేయడానికి సిద్ధం. ఆవిడ పావడాకి బొటనవేలు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, చివరికి ఎర్ర సిరాలో ముంచి ఒత్తింది. నేను కాచిన నూనె టీ ఆ రోజు ముట్టుకోలేదు.

వసంతంలో నారు పోసే ముందు జట్టులో మిగతా ఇళ్ళవాళ్ళందరూ ఆవిడ గడప దగ్గర వరస కట్టారు. మా ఇంటి ముందునుంచే పోయారు, చేతుల్లో గిన్నెలు. ఆవిడ ఒక్కొక్కరికీ పిడికెడు కొలిచి, ఏ నెలలో నీళ్ళు వదలాలో, ఏ కంకి ఏరాలో చెబుతోంది. పొయ్యి దగ్గర మా మనవరాలు ఆ కుక్కతో ఆడుకుంటూ, మన వాళ్ళు వేల ఏళ్ళ నుంచి జుట్టులో వడ్లు పెట్టుకుంటారు కదా పెద్దవ్వా అని అడిగింది. బళ్ళో చెప్పారట. నైహువా కొలుస్తున్న చెయ్యి ఆగింది. బుర్ర వైపే చూస్తూ ఉండిపోయింది.

అందరి తరవాత చివర నేను నిలబడ్డాను. గిన్నె చాపాను. ఆవిడ బుర్ర వంచి పిడికెడు పోసింది. ఒక క్షణం ఆగి ఇంకొంచెం పోసింది. అక్టోబరు నుంచి నాతో మాట్లాడిన మొదటి మాట అప్పుడే అంది.

"పొయ్యి మీద పొగ తగిలేట్టు కట్టు. నెత్తిన పెట్టుకోమాకు."